లింగస్వామి కాళ్ళు ఎవరివి?

మనిషి శరీరం ఎవరిదన్న ప్రశ్నకు వేదాంతులు వేల ఏళ్ళుగా జవాబు వెతుకుతున్నారు. ఆత్మది అన్నవారున్నారు, పంచభూతాలది అన్నవారున్నారు, ఆ సంగతి శిష్యులకు అప్పగించి కన్నుమూసినవారూ ఉన్నారు. చివరికి షాద్‌నగర్ బైపాస్ పక్కన అద్దాల భవనంలో నడిచే వజ్రకాయ వెల్‌నెస్ క్లబ్ వారి సభ్యుల సంక్షేమ స్థాయీ సంఘం దీన్ని ఒక్క సమావేశంలో (బాదం పాల విరామంతో సహా) తేల్చిపారేసింది. ఆ సంఘంలో నేనూ ఒక సభ్యుణ్ణి. కాబట్టి తీర్పు పూర్వాపరాలు ప్రజలకు తెలియజేయడం నా బాధ్యత.

ముందుగా ఒక మనవి. వజ్రకాయను జిమ్ము అనకూడదు. జిమ్ములు నల్గొండ సందుల్లో ఉంటాయి. అక్కడ ఇనుము తుప్పు పట్టి ఉంటుంది, గోడ మీద ఆంజనేయస్వామి పటం ఉంటుంది, మనుషులు నిజంగానే బరువులు ఎత్తుతారు. వజ్రకాయలో అడుగుపెట్టగానే నిమ్మగడ్డి వాసన వస్తుంది, ఒకమ్మాయి చల్లటి తువ్వాలు ఇస్తుంది. ఏమీ చేయకముందే తుడుచుకోవడం మొదట్లో వింతగా ఉంటుంది గానీ తర్వాత అలవాటవుతుంది. ఇక్కడ ట్రైనర్ అనే మాటను కూడా రద్దు చేశారు. ట్రైనర్‌ను 'దేహ సహచరుడు' అంటారు. జీతం మాత్రం పాత పేరు మీదే వస్తుందట.

దేహ సహచరుల నియమావళి చిన్నదే. డ్యూటీలో ఉండగా సహచరుడు కూర్చోరాదు (చూసిన సభ్యులకూ కూర్చోవాలన్న ఆలోచన వస్తుంది). సభ్యుడికంటే ముందు సహచరుడికి చెమట పట్టరాదు. ఆవలింత వస్తే స్టోర్ రూమ్‌లోకి వెళ్ళి ఆవలించి రావాలి. చేరేనాడు పదో తరగతి మెమో మొదలుకొని కులం సర్టిఫికెట్ దాకా ఒరిజినల్స్ అన్నీ ఆఫీసు బీరువాలో జమ చేయాలి. మనుషులకంటే కాగితాలకు ఏసీ అవసరం ఎక్కువని యాజమాన్యం నమ్మకం. బీరువా తాళంచెవి మేనేజర్ బెంజమిన్ గారి దగ్గర ఉంటుంది. ఆయన ఒరిజినల్స్ కూడా ఆ బీరువాలోనే ఉన్నాయి, తీసుకోవాలంటే ఆయనకూ అనుమతి కావాలి.

లింగస్వామి ఇక్కడ దేహ సహచరుడు. దేవరకొండ వైపు పల్లె, తండ్రి జానయ్య గొర్లు కాస్తాడు. క్లబ్ వెనక రేకుల గదిలో ఉంటూ, క్లబ్ పెట్టిన తిండి తింటూ, మూడేళ్ళుగా నిలబడి ఉన్నాడు. అతనికి ఒకే ఒక్క కోరిక, పోలీసు కానిస్టేబుల్ కావాలని. రాత పరీక్ష పాసయ్యాడు. ఇక మిగిలింది మహబూబ్‌నగర్‌లో పరుగు పరీక్ష. మళ్ళీ నోటిఫికేషన్ వచ్చేనాటికి వయసు దాటిపోతుంది కాబట్టి ఇదే ఆఖరిది. ఈ ఒక్క సంగతి పాఠకులు గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతావన్నీ క్లబ్ వారు గుర్తుపెట్టుకుంటారు.

వ్యవహారమంతా ప్లాట్ల వ్యాపారి పర్వతాలు గారి స్మార్ట్ వాచీతో మొదలైంది. ఆయన సభ్యత్వం తీసుకున్న వారంలోనే ముహూర్తాలు వచ్చిపడ్డాయి. పొద్దున పెళ్ళి, సాయంత్రం దావత్. ఒకరోజు దారిలో క్లబ్ ముందు కారు ఆపి, వాచీ విప్పి లింగస్వామి చేతికి తొడిగారు.

"ఇయ్యాల నా బదులు నువ్వే చెయ్యి లింగస్వామీ. ఉరుకు, బరువులెత్తు, ఏదన్న చెయ్యి. అడుగులు నా పేరు మీద పడాలె."

"అట్ల ఎట్లయితది సార్? చేసింది నేనైతే ఒళ్ళు తగ్గుడు మీకెట్లయితది?"

"ఎందుకు గాదు? చెర్వుగట్టు గుడి కాడ మా అన్న మొక్కుకు నేను గుండు కొట్టిచ్చుకున్న. పుణ్యం ఆయనకు రాలేదా?"

ఈ వాదనకు లింగస్వామి దగ్గరే కాదు, పీఠాధిపతుల దగ్గర కూడా జవాబు ఉంటుందని నేననుకోను.

వారం తిరిగేసరికి మిగతా సభ్యులకూ తీరిక లేకుండా పోయింది. లింగస్వామి రెండు చేతులకూ మణికట్టు నుంచి మోచేతి దాకా వాచీలు ఎక్కి, గాజులమ్మే మనిషిలాగా తయారయ్యాడు. చేతులు నిండిపోయాక చీలమండలకు కట్టారు. యాజమాన్యం ఆలస్యం చేయకుండా దీన్ని 'ప్రతినిధి వ్యాయామ పథకం'గా ప్రకటించి, సభ్యులు ఇంటి నుంచే ఆరోగ్యంగా ఉండే ఏర్పాటు దేశంలోనే మొదటిసారని బోర్డు పెట్టింది. యాప్‌లో చూస్తే పర్వతాలు గారు పరుగు పందేలకు వెళ్ళాల్సిన మనిషి. ఎదురుగా చూస్తే విందు నుంచి వచ్చిన మనిషి. రెంట్లో ఏది నమ్మాలో ఎవరికి వారు నిర్ణయించుకోవచ్చు, క్లబ్ మాత్రం యాప్‌ను నమ్మింది.

అయితే ప్రకృతి ఒక పొరపాటు చేసింది. వ్యాయామం సభ్యులది, యాప్‌లో లెక్క సభ్యులది, కండ మాత్రం పోయి పోయి లింగస్వామికి పెరిగింది. నాలుగు నెలల్లో మనిషి చెక్కిన రాయిలా అయ్యాడు. సభ్యులకు అనుమానం వచ్చింది. డబ్బు కట్టినవారికి రావలసిన కండలు ఒక ఉద్యోగి ఒంటి మీద ఏం చేస్తున్నాయి? యాజమాన్యం విచారణ జరిపిన మీదట కండలు సభ్యులవేననీ, భద్రత కోసం లింగస్వామి ఒంటి మీద ఉంచారనీ తేలింది. ఆ మేరకు కేటాయింపులు చేశారు. కుడి భుజం పర్వతాలు గారికి. ఛాతీ ఒక డాక్టరు దంపతులకు ఉమ్మడిగా. కడుపు మీది పలకలు లాటరీ తీసి పంచారు. రెండు కాళ్ళూ, నల్గొండలో రెండు ప్రైవేటు స్కూళ్ళు నడిపి ఇప్పుడిక్కడ విల్లాలో ఉంటున్న మల్లీశ్వరి మేడమ్ గారికి. గుండెకు ఎవరూ దరఖాస్తు పెట్టలేదు (బయటికి కనిపించదు కదా). ఆలస్యంగా చేరడం వల్ల నాకు మెడ దక్కింది. మంచి మెడ, నిటారుగా ఉంటుంది. దాని గురించి ఒకటి రెండు ఫంక్షన్లలో చెప్పుకున్నాను కూడా.

ఆదివారాలు సభ్యులు చుట్టాలను వెంటబెట్టుకుని ఆస్తి చూసుకోవడానికి వచ్చేవారు. పర్వతాలు గారు అంగట్లో పొట్టేలు వెన్ను చూసినట్టు భుజం నొక్కి చూసి, "పోయిన వారంకన్న మంచిగైంది" అని బావమరిదికి చూపించేవారు. లింగస్వామి నిలబడేవాడు. కూర్చోవడానికి నియమం ఒప్పుకోదని ముందే చెప్పాను.

పరుగు పరీక్ష తేదీ వచ్చింది. లింగస్వామి బెంజమిన్ గారి గదికి వెళ్ళాడు.

"సార్, ఒక్క రోజు లీవు గావాలె. ఒరిజినల్స్ గూడ ఇయ్యిండ్రి, గ్రౌండ్ల చూస్తరంట. పొద్దుగాల వోయి మాపటికల్ల వస్త."

బెంజమిన్ గారు చెడ్డ మనిషి కాదు. ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళి అందరి కోసం ప్రార్థన చేస్తారు, సోమవారం వచ్చి అందరికీ మెమోలు ఇస్తారు.

"లీవంటే నీకు ఇస్త లింగస్వామీ. నీ కాళ్ళకు నేనెట్ల ఇస్త? అవి మేడమ్ పేరు మీదున్నయి."

"కాళ్ళు ఈడ వెట్టి నేనెట్ల పోవాలె సార్?"

"గదే నేను గూడ ఆలోచన చేస్తున్న" అన్నారు బెంజమిన్ గారు. నిజంగానే ఆలోచించి ఒక మార్గం చెప్పారు. శరీర భాగాల యజమానులందరి దగ్గరా అభ్యంతరం లేదని సంతకాలు తెస్తే బీరువా తెరుస్తారు.

భుజాలు సంతకం పెట్టాయి. ఛాతీ దంపతులు కొంచెం గొడవపడి పెట్టారు. నేను మెడ తరఫున వెంటనే పెట్టాను (ఇది నా గొప్ప కోసం చెప్పడం లేదు, అయినా నమోదు కావాలి). మల్లీశ్వరి మేడమ్ గారు పెట్టలేదు.

"ఆ రోజు నా కాళ్ళకు రెస్ట్ డే లింగస్వామీ. ప్లాన్ రాసింది నువ్వే. రెస్ట్ లేకుంటే కండ వెరగదని చెప్పింది గూడ నువ్వేనాయె. ఇప్పుడు నువ్వే ఉరికిస్తనంటే ఎట్ల?"

"ఒక్క రోజు ముందుకు జరుపుండ్రి మేడమ్. నాకు మల్ల వయసు ఉండది."

"యాప్ల జరుగుతలేదు, చూసిన" అన్నారు మేడమ్ గారు, నిజమైన బాధతో.

రెండు రోజుల తర్వాత సంగతి తెలిసి జానయ్య బస్సు దిగాడు. భుజాన గొంగడి, చేతిలో కర్ర. నిమ్మగడ్డి వాసన పీల్చి, చల్లటి తువ్వాలును ఏం చేయాలో తెలియక మడతపెట్టి తిరిగి ఆ అమ్మాయికే ఇచ్చేశాడు. కొడుకు గదిలో ప్రోటీన్ పొడి డబ్బా చూసి, "గిదేంది కొడుకా, గొర్లకు తాపే నట్టల మందా?" అని అడిగాడు. క్లబ్ వాళ్ళు కండ కోసం ఇస్తారని లింగస్వామి చెప్పాడు. జానయ్య రేకుల గదిని, డబ్బాను, కొడుకు ఒంటిని మార్చి మార్చి చూశాడు. తర్వాత స్థాయీ సంఘం ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"సారూ, మీ చదువులు నాకు తెల్వయి. గని గిసొంటి యవ్వారం మాకు కొత్తది గాదు. మా దిక్కు గొర్లను పాలుకిస్తరు. మంద ఆసామిది, మేపుడు మాది. పుట్టిన పిల్లలల్ల సగం ఆసామి తీసుకుంటడు, సగం మేపినోడు తీసుకుంటడు. మా తాతల కాన్నించి గదే పద్ధతి. పెట్టువడి మీది అంటున్నరు, కాదంటలేను. మరి ఎండల ఉరికింది, బరువులెత్తింది మావోడు గాదా? మీ పాలు మీరు తీసుకోండ్రి. మావోని పాలు మావోనికి ఇయ్యిండ్రి. రెండు కాళ్ళల్ల ఏదో ఒకటి ఇడువుండ్రి, రెండోదానికి ఒక్క రోజు కిరాయి నేనిస్త."

వాటాకు ఇచ్చి మేపించుకోవడమనే ఏర్పాటు మా ఒప్పందపత్రంలో లేదు, కానీ న్యాయంగా వినిపించింది. అందులో ఎక్కడా తప్పు దొరకలేదు. డాక్టరు గారు తల ఊపారు. మల్లీశ్వరి మేడమ్ గారు ఏ కాలు వదులుకోవాలా అని వేళ్ళు ముడుస్తున్నారు. లింగస్వామి ముఖంలో నవ్వు కనిపించింది. ఆ నవ్వు ఎవరికీ కేటాయించలేదు కాబట్టి అతనిదే.

అప్పుడు పర్వతాలు గారు గొంతు సవరించుకున్నారు. వారి నాయనగారు కూడా వెనకట మందలు పాలుకిచ్చిన ఆసామేనట.

"జానన్నా, నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్ళు సై. మా ఇంట్ల గూడ గదే పద్ధతి. పెట్టువడి మాది, ఒప్పుకున్నవు. మరి ఉండెటందుకు దొడ్డి ఇచ్చింది ఎవరు?"

"క్లబ్బోళ్ళు."

"మేత?"

"వాళ్ళే."

"మందులు? పొద్దుకు లేపుడు, ఉరికిచ్చుడు, మల్ల లోపటికి తోలుడు?"

"అన్నీ వాళ్ళేనాయె."

"అంటే మేపింది క్లబ్బన్నట్టు. ఆసామికి సగం, మేపినోనికి సగం. ఇగ నువ్వే చెప్పు. మీ పద్ధతిల గొర్రెకు పాలెంత?"

జానయ్య చిన్నప్పటి నుంచి మందలోనే పెరిగిన మనిషి. గొర్ల సంగతి అడిగితే అబద్ధం చెప్పడం తెలియదు. ఆలోచించకుండానే నోట్లోంచి మాట వచ్చేసింది.

"గొర్రెకు పాలేంది సారూ?"

అన్న తర్వాత కొడుకు వైపు చూశాడు. ఆ మాటను వెనక్కి తీసుకోవాలని పెదవులు కదిలాయి కానీ, సమావేశం వివరాలు రాసే అమ్మాయి అప్పటికే రాసేసింది. నాకు నిజంగా సిగ్గేసింది. లేచి ఏదైనా అందామనుకున్నాను. బాదం పాలు వచ్చాయి, తాగాను.

విరామం తర్వాత తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. సభ్యులు ఆసాములు, క్లబ్ కాపరి. స్థానిక సంప్రదాయం ప్రకారం మూడో పక్షానికి వాటా లేదు. గ్రామీణ విజ్ఞానాన్ని అందించినందుకు జానయ్య గారికి శాలువా కప్పాలని కూడా తీర్మానించారు. లింగస్వామి చెవికి గుర్తింపు బిళ్ళ అవసరమా కాదా అన్న అంశం వచ్చే సమావేశానికి వాయిదా పడింది.

జానయ్య గొంగడి మీదే శాలువా కప్పించుకుని మెట్లు దిగాడు. గేటు దగ్గర కొడుకు చెయ్యి పట్టుకున్నాడు.

"నా నోటెంబడే వచ్చె గద బిడ్డా."

"నువ్వు ఉన్నదే చెప్పినవు బాపు. నువ్వు పో, బస్సు పోతది" అన్నాడు లింగస్వామి.

పరీక్ష రోజు పొద్దున నేను క్లబ్‌కు వెళ్ళాను. మహబూబ్‌నగర్ మైదానంలో అప్పటికే పరుగు మొదలై ఉంటుంది. ఇక్కడ ప్రణాళిక ప్రకారం మల్లీశ్వరి మేడమ్ గారి కాళ్ళకు పూర్తి విశ్రాంతి ఇచ్చారు. ట్రెడ్‌మిల్ ఆపేశారు, మెట్లు ఎక్కవద్దని కాగితం అంటించారు. ఆ కాళ్ళ మీద లింగస్వామి పొద్దుటి నుంచి నిలబడే ఉన్నాడు. కూర్చోవడం నియమాలకు విరుద్ధం.

నా మెడ మాత్రం కొంచెం వంగి కనిపించింది. యాప్‌లో ఫిర్యాదు పెట్టాను.