నా వాటా డెబ్బై మూడు

మానవజాతి బాగుపడింది మగవాళ్ళ తప్పుల వల్లనే. కాదంటారా? తరతరానికీ తప్పుల్లేని నకళ్ళే దిగి ఉంటే మీరూ నేనూ ఇప్పటికీ ఏ నీటిగుంట అడుగునో ఒంటికణంతో కాలక్షేపం చేస్తూ ఉండేవాళ్ళం. ఈ పత్రికకు చందాదారులే ఉండేవారు కారు!

ఈ మాట అంటున్నది ఎవరనుకున్నారు? ముప్పై నాలుగేళ్ళు ఆఫీసులో నకళ్ళు తీసే సెక్షన్‌కు సూపరింటెండెంటుగా చేసి రిటైరైనవాణ్ణి. కామా జారిన కాగితాన్ని సైతం వెనక్కి పంపినవాణ్ణి. ఇంట్లోనూ అంతే. మా ఆవిడ రాసిన సరుకుల చీటీ నా ఎర్రసిరా తగలకుండా గడప దాటి ఎరగదు.

మా అమ్మాయి జన్యుశాస్త్రవేత్త. తల్లి, తండ్రి, బిడ్డ జన్యువులను పక్కపక్కన పెట్టి, బిడ్డలో కొత్తగా ఎన్ని అక్షరాలు మారాయో లెక్కపెట్టడం ఆమె ఉద్యోగం. ఎలుకలయ్యాయి, గుడ్లగూబలయ్యాయి, ఆ మధ్య మా వంతు వచ్చింది. ఇద్దరిచేతా చెరో గొట్టంలో ఉమ్మి వేయించుకుని వెళ్ళింది. నిన్న రిపోర్టు తెచ్చింది. తనలో కొత్త మార్పులు ఎనభై తొమ్మిది. తల్లి వాటా పదహారు. నా వాటా డెబ్బై మూడు!

ఆడవారి అండాలు వాళ్ళు పుట్టేనాటికే సిద్ధమట. మగవారిలో మాత్రం వీర్యకణాల కోసం జీవితాంతం నకలుకు నకలు తీస్తూనే ఉండాలట. నేను తండ్రినయ్యింది నలభై ఏడో ఏట.

మా ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని మరీ ఆ పేజీ చదివింది. లేచి వెళ్ళి నా ఎర్రసిరా కలం తెచ్చింది.

"దిద్దండి మరి," అంది.

నేను చలించలేదు. వీటిని తప్పులనడమే తప్పు. ఇవి విరాళాలు! క్షీరదాల్లో, పక్షుల్లో తండ్రిదే పెద్ద చెయ్యి. చేపల్లో ఈ వాటాల్లో ఆడామగా తేడా అంతగా కనబడదట. మగచేపలు బాధ్యత తీసుకోలేదు. చేపలు ఇంకా నీళ్ళలోనే ఉన్నాయి. పైగా వయసు పెరిగినకొద్దీ తండ్రి ఇచ్చేదీ పెరుగుతుందట. పెద్దరికానికి ఇంతకన్నా యోగ్యతాపత్రం ఏం కావాలి?

అంతటితో ఊరుకోవలసింది. ఊరుకోక, అమ్మాయి తెలివికీ, పట్టుదలకీ ఈ డెబ్బై మూడింటిలో ఏవేవి కారణమో చూపించమని తననే అడిగాను.

"దాదాపు ఏవీ ఏ పనీ చెయ్యవు నాన్నా. మంచీ లేదు, చెడూ లేదు. ఊరికే అలా ఉంటాయంతే."

"పోన్లేవే," అంది మా ఆవిడ, "అవీ మీ నాన్నలాగే రిటైరయ్యాయనుకుందాం."

పాఠకమహాశయులారా, డెబ్బై మూడు తప్పులు చేశానంటే సంతకం పెట్టి ఒప్పుకుంటాను. ఒక్కదానివల్లా ఏమీ కాలేదంటే, అప్పీలు ఎవరికి చేసుకోను?