మలుపులో వెలసిన ఎవరిస్తో

శనివారం పొద్దున ఏడింటికి అర్జెంటీనాలోని ఉస్పయ్యాతాలో బయలుదేరాలి. కొండలెక్కి, సరిహద్దు సొరంగం దాటి, మధ్యాహ్నం రెండింటికి చిలీలో బావమరిది ఇంట్లో భోజనానికి కూర్చోవాలి. ఎవరిస్తో వేసుకున్న పథకం ఇంతే. అతని ఇరవై తొమ్మిదేళ్ళ పాత మోటార్ సైకిల్‌ని మాత్రం ఎవరూ సంప్రదించలేదు.

ముందురోజు బావమరిది లౌతారో ఫోనులో పగలబడి నవ్వాడు. "బావా, ఆ రేకుల డబ్బా కొండెక్కుతుందా, నన్నే తాడు పట్టుకు రమ్మంటావా?"

"ఒరేయ్, రెండింటికల్లా నీ గుమ్మంలో హారన్ కొడతాను. సొంత చక్రాల మీదే వస్తాను. రాకపోతే దాన్ని పాత ఇనుముకి అమ్మేస్తాను, సరేనా?"

పక్కనే ఉన్న ఎవరిస్తో భార్య నెలిదాకి ఈ పందెం నచ్చలేదు. బండి ఉంది కాబట్టే ఆయన ఆదివారాలు బయట తిరుగుతాడు. అది పోతే వంటింట్లో ఆమె వెనకాలే నిలబడి ఉప్పు గురించి సలహాలిస్తాడు. కానీ ఆమె పైకి అనలేదు. ముప్పై ఏళ్ళుగా ఆమె మనసులో మాటల్లో సగం పైకి రానివే.

పొద్దున ప్రయాణం మాత్రం హాయిగా సాగింది. కింద ఎర్రమట్టి రంగు ఏరు, అటూ ఇటూ ఊదారంగు కొండలు, వాటి వెనక మంచు. నెలిదా భర్త వీపుకి చెంప ఆనించి, పుట్టింటికి వెళ్తున్న పిల్లలా చూస్తూ కూర్చుంది.

పదకొండింటికి ఒక మలుపులో బండి బుస్సుమంది. రేడియేటర్ గొట్టం పగిలి వేడినీళ్ళు చిమ్మాయి. సంచిలో ఉన్న సరిహద్దు కాగితాలు తడిసి ముద్దయ్యాయి.

"ఏం లేదు, అరగంట పని," అంటూ ఎవరిస్తో బండిని గాలి తగలకుండా రోడ్డు దిగువన ఒక పెద్ద బండ వెనక్కి దొర్లించాడు. అక్కడంతా నీడ. అందుకని నెలిదా కాగితాలను పైకి తీసుకెళ్ళి, రోడ్డు పక్కన ఎండలో ఒక చదును రాయి మీద ఆరబెట్టింది. భర్త ఫోటో ఉన్న కాగితం ఎగిరిపోకుండా మొదట దాని అంచున హెల్మెట్ పెట్టింది. చాలదేమోనని చుట్టూ మూడు నీళ్ళ సీసాలు కూడా పెట్టి దిగి వచ్చింది.

కాసేపటికి ఒక లారీ రెండుసార్లు హారన్ కొట్టి వెళ్ళింది. తరవాత ఇంకొకటి.

"చూశావా, నా బండికి ఎంత మర్యాదో!" అన్నాడు ఎవరిస్తో.

"బండి వాళ్ళకి కనబడదండీ," అంది నెలిదా. అని, పైకెక్కి చూసింది. రాయి మీద తొమ్మిది సీసాలున్నాయి. ఒక ప్లాస్టిక్ గులాబీ కూడా ఉంది. ఆ దారిలో ఎవరైనా ప్రమాదంలో పోతే, పోయినచోట ఫోటో పెట్టి గూడు కడతారు. వచ్చేపోయే లారీల వాళ్ళు దాహానికి నీళ్ళ సీసా పెట్టి, దండం పెట్టుకుని పోతారు.

కాగితాలు తీసేద్దామని వంగేసరికి బస్సు ఆగింది. పింఛను తీసుకునే ఆడవాళ్ళు పాతికమంది దిగారు. అందరికంటే పెద్దావిడ ఫోటో చూసి, నెలిదాని కావలించుకుంది.

"మీ ఆయనా తల్లీ?"

"అవునండీ. కానీ ఆయన కిందే ఉన్నారు..."

"అలా అనకూడదమ్మా! అంత మంచి మొహం, పైనే ఉంటాడు!"

నెలిదా మళ్ళీ నోరు తెరిచింది. అందులో ఎవరో రొట్టెముక్క పెట్టారు. ఒకావిడ మోకాలి నొప్పి తగ్గితే కొవ్వొత్తి వెలిగిస్తానని ఎవరిస్తోకి మొక్కుకుంది. బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. కాగితాలు ఇంకా తడిగానే ఉండటంతో నెలిదా వాటిని అలాగే వదిలి దిగి, జరిగిందంతా భర్తకి చెప్పింది.

ఎవరిస్తో గొట్టానికి మూడోసారి కట్టు కట్టాడు. మొదటి రెండు కట్లూ కారిపోయి, తాము తెచ్చుకున్న మూడు సీసాలూ ఖాళీ అయ్యాయి. బండిలో చుక్క నీరు లేదు, గడియారంలో రెండు దాటింది. "అయిపోయింది, నెలిదా. ఇనుప సామానే!" అన్నాడు దిగులుగా.

"పైన ముప్పై సీసాలున్నాయండీ."

"మొక్కిన నీళ్ళు! ముట్టుకుంటే పాపం."

"మొక్కింది మీకే కదా?"

ఎవరిస్తో ఆలోచించాడు. పైకి వెళ్ళి, తన ఫోటోకి తనే ఒక దండం పెట్టుకుని, రెండు సీసాలు తెచ్చి పోశాడు. కట్టు కారలేదు.

అప్పుడే పైన కారు ఆగిన చప్పుడైంది. ఆ వెంటనే పెద్ద ఏడుపు వినిపించింది.

"బావా! ఎంత పనైపోయింది బావా!"

లౌతారో! వెక్కిరించడానికి తాడు తీసుకుని సొరంగం దాటి వచ్చి, హెల్మెట్‌నీ ఫోటోనీ చూసి మోకాళ్ళ మీద పడ్డాడు. నెలిదా లేవబోయింది. ఎవరిస్తో ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఉండు, ఉండు. ఏదో చెబుతున్నాడు."

"ఆ బండిని రేకుల డబ్బా అన్నానే, నా నోరు పడిపోను! అలాంటి బండి మా దేశం మొత్తంలో లేదు! పందెమూ వద్దు, పాడూ వద్దు. నువ్వు లేచి రా బావా! వస్తే మా ఊళ్ళో ఎవరికీ గిట్టని మీ అర్జెంటీనా ఫుట్‌బాల్ చొక్కా వేసుకుని రేపు మా ఊరి బజారంతా నడుస్తాను, ఒట్టు!"

"ఏ నంబరుది వేసుకుంటావు?" అంటూ మసి మొహంతో బండ వెనక నుంచి ఎవరిస్తో లేచాడు.

లౌతారో సీసాల మీద వెల్లకిలా పడ్డాడు. ఊపిరి అందాక అక్క మొహం, బావ మొహం, గడియారం వరసగా చూశాడు. "రెండు దాటింది," అన్నాడు నీరసంగా. "పందెం నువ్వే ఓడావు."

నెలిదా ముప్పై ఏళ్ళలో మొదటిసారి గొంతు పెంచింది. "పందెం వద్దన్నది ఎవర్రా? ఇంతమంది దండం పెట్టుకున్న చోట మొక్కుకున్నావు. తప్పావంటే అమ్మకి చెబుతాను."

లౌతారో లేచి బట్టలు దులుపుకుని కారెక్కాడు. బండి సొంత చక్రాల మీదే సొరంగం దాటింది. వెనక అతని కారు, అందులో వాడని తాడు.

మర్నాడు ఉదయం లౌతారో నీలం, తెలుపు చారల చొక్కా వేసుకుని, తల దించుకుని బజారు దాటాడు. ఎదురుపడ్డ ప్రతి ఒక్కరూ ఆ చొక్కా చూసి జాలిపడి, అతని భుజం తట్టి, ఇంట్లో ఎవరు పోయారని మెల్లగా అడిగారు.