స్టాఫ్‌రూమ్‌లో మాయమైన ఫ్రెంచ్ ఓరల్

"ఆ దొంగను తలుసుకుంటే పాపమనిపిస్తది," అన్నాడు దయాకర్, ఆదివారం పొద్దున మెట్టుగూడ బస్టాప్‌లో చేతులు వెనక్కి కట్టుకుని. "వేరే ఊళ్ల దొంగతనం చేస్కుంటే బతికిపోయేటోడు. సికింద్రాబాద్‌ల నేనున్ననని తెల్వక చేసిండు."

"బస్సొచ్చింది, ఎక్కు," అంది పక్కింటి జెరూషా.

దయాకర్ డిటెక్టివ్‌గా ఇప్పటిదాకా చేపట్టినవి రెండు కేసులు. మొదటిది, వాళ్లింటి పాలప్యాకెట్లు ఎవరు చింపుతున్నారన్నది. పిల్లి. రెండోది కూడా అదే, ఎందుకంటే పిల్లి ఇంకా నేరం ఒప్పుకోలేదు.

అయినా జెరూషా అతన్ని వెంటేసుకుని తిరుగుతోందంటే వేరే దిక్కులేకే. స్కూలు మొత్తానికి పన్నెండో తరగతిలో అడ్వాన్స్‌డ్ ఫ్రెంచ్ తీసుకున్నది తనొక్కతే. మిగతావాళ్లంతా పదో తరగతిలో మార్కులు దండుకుని ఫ్రెంచ్‌కి దండం పెట్టేశారు. జెరూషా మాత్రం రెండేళ్లు ఆ క్రియలన్నీ నమిలి మింగి, శుక్రవారం ఓరల్ పరీక్ష ముగించింది. ఫ్రెంచ్ చెప్పే ప్రిసిల్లా మేడమ్ అడగడం, తను తడుముకోకుండా చెప్పడం, అంతా అరచేతిలో ఇమిడే రికార్డర్‌లో ఉంది. దాన్ని సోమవారం బోర్డుకి పంపాలి. శనివారం స్టాఫ్‌రూమ్ బల్ల మీద నుంచి అది మాయమైంది. కాపీ తీయలేదు. మళ్లీ రికార్డు చేసే గడువు దాటిపోయింది. అది దొరక్కపోతే ఓరల్‌లో సున్నా. సున్నా వస్తే, యూనివర్సిటీలో ఫ్రెంచ్ చదవాలన్న ఆశకి మంగళం.

దయాకర్ శనివారం సాయంత్రమే భూతద్దంతో స్టాఫ్‌రూమ్‌ని పరిశీలించాడు. "రికార్డర్ ఇక్కడ లేదు. అంటే ఇంకేడనో ఉన్నది," అని తేల్చాడు. మేడమ్ కళ్లు తుడుచుకుంటూ, "నేను దాన్ని ఎందులో పెట్టానంటే నాయనా..." అని మొదలుపెడితే చెయ్యెత్తి ఆపాడు.

"వద్దు మేడమ్. సాక్షులు చెప్పింది వింటే నా దిమాగ్ ఖరాబైతది."

తర్వాత జెరూషా వంతు వచ్చింది.

"మధ్యాహ్నం ఏడున్నవ్?"

"స్టాఫ్‌రూమ్‌లోనే. కోత పండుగకని టీచర్లు బల్ల మీద పెట్టినవన్నీ సంచుల్లో సర్ది చర్చికి మోశాను."

"గంత కష్టపడే పిల్లకు దొంగతనం చేసే టైమేడుంటది? నిన్ను వదిలేసిన."

అతని అనుమానమంతా ఫిజిక్స్ చెప్పే జెరెమియా సార్ మీద. ఫ్రెంచ్ కోసం తన ల్యాబ్ పీరియడ్ లాగేసుకున్నారని ఆయన ఏడాదిగా గొణుగుతున్నాడు. పైగా శనివారం గోనెసంచీ మోసుకుంటూ గేటు దాటాడు.

"అందులో ఉన్నవి గుమ్మడికాయలు, దయా. పండుగకి ఇచ్చారు."

"అవునా? గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకుంటడంటరు. సార్ తడుముకున్నడు. నేను చూసిన."

"సంచీ దించాక ఎవరైనా తడుముకుంటారు."

"నువ్వు జెర చుప్ ఉండు. ఆపరేషన్ షురూ."

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో కోత పండుగ వేలం మొదలైంది. సంఘంలో ప్రతి ఇంటివాళ్లూ తెచ్చిన కోళ్లు, కూరగాయలు, పచ్చళ్లు, కేకులు అక్కడ పాట పెడతారు. మైకు పట్టుకున్నది జెరెమియా సారే. దయాకర్ ఇలాంటి వేలం పుట్టి బుద్ధెరిగి చూడలేదు. చివరి వరుసలో నిలబడి ముద్దాయి వైపు కళ్లార్పకుండా చూస్తున్నాడు.

నాటుకోడి ఎవరింటికో పోయింది. సార్ రిబ్బన్ కట్టిన డబ్బా ఒకటి పైకెత్తాడు. "కేక్ డబ్బా. ఇచ్చినవాళ్ల పేరు లేదు. దేవుడికి తెలుసు. ఎవరు పాడతారు?"

సార్ వైపు దయాకర్ వేలు చూపించాడు. "మీ ఆట ఖతం."

"వెనక తమ్ముడు పాడాడు," అన్నాడు సార్.

ముందు వరుసలో ప్రేమమణి ఆంటీ వేలెత్తింది. ఆమె పొద్దుటినుంచీ ఆ డబ్బా మీదే కన్నేసి ఉంది.

"ఆగుండ్రి," అంటూ దయాకర్ చెయ్యెత్తాడు.

"తమ్ముడు పెంచాడు."

ఆ చెయ్యి కిందికి లాగడానికి జెరూషా తన చెయ్యెత్తింది.

"జెరూషా కూడా పాడింది. యూత్ అంటే ఇట్లుండాలి."

"ఏంటే జెరూషా, నామీదే పోటీనా?" అంది ప్రేమమణి.

"కాదాంటీ, వీడి చెయ్యి దించుతున్నా."

దయాకర్ ఈసారి రెండు చేతులూ ఎత్తాడు. ఆంటీ అలిగి కూర్చుంది. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అయ్యాక డబ్బా వచ్చి దయాకర్ చేతుల్లో పడింది.

"నాకు కేక్ వద్దు సార్. నాకు న్యాయం కావాలె."

"ముందు డబ్బా తెరువు నాయనా. పాడినవాళ్లు తలా ముక్క పెట్టాలి, అది ఇక్కడి పద్ధతి."

తెరిచాడు. లోపల చేతిరుమాలు, రుమాల్లో రికార్డర్.

జెరూషా డబ్బా వైపు, తన చేతుల వైపు చూసుకుంది. నిన్న ఆ డబ్బాని రెండు పచ్చడి సీసాల మధ్య జాగ్రత్తగా సర్దింది తన చేతులే. అప్పుడే గేటులోకి వచ్చిన ప్రిసిల్లా మేడమ్ పరుగెత్తుకొచ్చింది. "దుమ్ము పడుతుందని కేక్ డబ్బాలో పెట్టానమ్మా. ఎవరూ తెరవకూడదని రిబ్బన్ కూడా కట్టాను."

"దయా, దొంగను నేనే," అంది జెరూషా మెల్లగా.

"కాదు. నిన్ను నిన్ననే వదిలేసిన. నా తీర్పు మారదు."

"అసలు పనిచేస్తుందో లేదో చూద్దాం ముందు," అంది మేడమ్. సంచీ దారిలో ఒకసారి జారి పడిన సంగతి జెరూషా చెప్పలేదు. మేడమ్ బటన్ నొక్కింది. కోళ్ల గోలలో ఏమీ వినపడలేదు. జెరెమియా సార్ రికార్డర్ తీసుకుని మైకు దగ్గర పెట్టాడు.

ఆవరణ అంతటా జెరూషా గొంతు నిండిపోయింది. ఫ్రాన్సులో రైల్వే కార్మికులు పింఛన్ల కోసం చేస్తున్న సమ్మె గురించి, అచ్చమైన ఫ్రెంచ్‌లో.

ముందు కుర్చీలో నాంచారమ్మ గారు అన్యభాషల ప్రార్థన మొదలైందనుకుని కొంగు తలమీదికి లాక్కుని కళ్లు మూసుకుంది. ఆమెను చూసి పక్కావిడ. ఆ తర్వాత వరుసంతా. మగవాళ్లు లేచి నిలబడి తలలు వంచారు. ప్రేమమణి అలక మాని చేతులు జోడించింది. పరిస్థితి అర్థం కాకపోయినా దయాకర్ కూడా జోడించాడు. సమ్మె ఉద్ధృతమైంది. ప్రభుత్వం చర్చలకి పిలిచింది. రికార్డింగులో ఒక్క మాట కూడా పోలేదు.

చివర్లో గొంతు ఆగింది.

"ఆమెన్," అంది సంఘమంతా.

అప్పటికే చున్నీ తలమీద వేసుకున్న జెరూషా అందరికంటే గట్టిగా అంది.