నక్కల వార్డు

టీకా వేసిన కుక్కకు డిస్టెంపర్ జబ్బు రాదు. ఇది వైద్యశాస్త్రం చెప్పిన మాట కాదు (శాస్త్రం ఈ విషయంలో కాస్త నసుగుతుంది), పశువైద్యశాల వారి ఉత్తర్వు. కనుక తిరుగులేదు.

ఈ సంగతి తెలియని దర్జీ పెద్దమ్మ తన కుక్క సోంబేరిని చంకనెత్తుకుని వచ్చింది. అది లేవకుండా పడుకుంటే మొదట పేరుకు తగ్గట్టే ఉందనుకుంది. కళ్లు పుసులు కట్టి, దవడ టకటకా కొట్టుకోవడం మొదలయ్యాక ఆమె గుండె జారిపోయింది. భర్త పోయాక ఆ ఇంట్లో ఆమె మాటకు చెవులు నిక్కించే ప్రాణి అదొక్కటే.

చిన్న డాక్టరు చూడగానే, "డిస్టెంపరేనమ్మా" అన్నాడు. కంప్యూటరులో అదే కొట్టాడు. టీకా వేసిన కుక్క గనుక కంప్యూటరు ససేమిరా అంది.

అతను పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లాడు. "సార్, టీకా పాతకాలపు వైరస్‌తో చేసింది. ఇప్పుడు తిరిగేదాని జన్యువులు మారాయేమో. ల్యాబుకు పంపుదామా?"

"ల్యాబుకు డిస్టెంపర్ కేసులే పంపాలి. ఇది కాదుగా! అయినా వైరస్ మారితే మనకు రాతపూర్వకంగా తెలియజేయాలి. తెలియజేసిందా?"

తెలియజేయలేదు. (వైరస్‌లలో క్రమశిక్షణ అంతంతమాత్రం.)

"ఐసొలేషన్ వార్డులో కాస్త చోటిప్పించండయ్యా, మీకు పుణ్యముంటుంది" అని పెద్దమ్మ ఏడ్చింది.

పెద్ద డాక్టరు మనసున్నవాడు. ఉత్తర్వు మళ్లీ చదివాడు. అందులో కుక్క అని ఉంది గానీ నక్క అని లేదు. నక్కలకూ ఈ జబ్బు వస్తుంది, వాటికి టీకాల గొడవ లేదు. సోంబేరి అక్కడికక్కడే నక్క అయిపోయింది.

"నక్కనుకోండి, గాడిదనుకోండి, బతికించండి చాలు" అంటూ పెద్దమ్మ వేలిముద్ర వేసింది.

వార్డులో అప్పటికే చాలా నక్కలున్నాయి. ఒకదాని మెడలో మువ్వలున్నాయి. ఒకటి స్వెట్టరు తొడుక్కుంది. ఇంకొకటి ఎవరు వచ్చినా చెయ్యి కలుపుతోంది. టీకా వేసిన కుక్కల్లో ఒక్క కేసూ లేనందుకు వైద్యశాలకు, ఊళ్లో నక్కలు వృద్ధి చెందినందుకు అటవీశాఖకు పైనుంచి ప్రశంసలు వచ్చాయి.

చిన్న డాక్టరు సెలైన్లు ఎక్కించి, ఫిట్లు రాకుండా మందులిచ్చి కంటికి రెప్పలా కాచాడు. సోంబేరి గట్టెక్కింది. కబురు అందగానే పెద్దమ్మ మిషను మీది బట్ట మిషను మీదే వదిలేసి పరుగెత్తుకొచ్చింది. గేటు దగ్గర అటవీశాఖ జీపు నిలబడి ఉంది.

"నక్కను ఇంట్లో పెంచితే జైలమ్మా. అడవిలో వదలాలి" అన్నాడు అటవీ అధికారి.

"అయ్యో, అది నా కుక్క బాబూ!"

"కుక్కయితే దానికి జబ్బే రాలేదు" అన్నాడు పెద్ద డాక్టరు ఓపిగ్గా. "జబ్బు రాకపోతే ఇక్కడ చేరలేదు. చేరనిదాన్ని నేనెలా ఇచ్చి పంపను పెద్దమ్మా?"

ఆమె గొంతు వినగానే జీపులోని బోనులో సోంబేరి దిగ్గున లేచింది. ఒళ్లంతా ఊగిపోయేలా తోకాడించింది.

అధికారి కాసేపు దాన్నే చూశాడు. "దీన్ని అడవిలో వదలడానికి లేదు" అన్నాడు.

పెద్దమ్మ ప్రాణం లేచొచ్చింది. రెండు చేతులూ జోడించింది.

"మనిషిని చూసి తోకాడిస్తోందంటే జబ్బు మెదడుకెక్కినట్టే" అని అతను పెద్ద డాక్టరు వైపు తిరిగాడు. "వార్డులోనే ఉంచండి. ఈవిణ్ణి చూసినా గుర్తుపట్టనంత ఆరోగ్యం వచ్చాక కబురు చేయండి."