దుప్పటి కింద చేపలు

ఆ పొద్దున జయరత్నం చెయ్యదలచుకున్న పని చాలా చిన్నది. హాల్లో ఉన్న చేపల తొట్టికి దుప్పటి కప్పాలి, కిటికీలు మూయాలి, ఆపైన ఫోను పక్కన కూర్చుని ప్రార్థన చేసుకోవాలి. కుప్పంలో అతని భార్య ఫ్లోరాకు ఆ పూటే ఆపరేషన్. కడుపులో గడ్డ. అది మంచిదో చెడ్డదో కోసి చూస్తేగాని తెలియదన్నారు.

"నువ్వు ఈడుండి ఏం జేస్తావు? రక్తం సూస్తే పడిపోయే మనిషివి. నాతో షైలజ ఉంటాది. నువ్వు మదనపల్లెకు పోయి చేపల్ని సూసుకో," అని ఫ్లోరా కూతుర్ని పక్కన పెట్టుకుని మొగుణ్ణి తరిమేసింది. బతుకంతా మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసిన మనిషి. ఆమె మాటకు ఆ ఇంట్లో తిరుగు లేదు.

చేపల్ని జయరత్నం బాగానే చూసుకున్నాడు. అదే కొంప ముంచింది. మనిషికి మంచిదైన ఎండ చేపకు చేదా అని కిటికీలు బార్లా తెరిచాడు. పాపం ఆకలేస్తుందేమోనని గుర్తొచ్చినప్పుడల్లా మేత వేశాడు. వారం తిరక్కుండానే నీళ్ళు గోంగూర ఉడికించినట్టు పచ్చబడ్డాయి. లోపల చేపలున్నాయో పోయాయో కనబడదు. నీళ్ళు మార్చాడు. మళ్ళీ పచ్చబడ్డాయి. చివరికి బస్టాండు దగ్గర చేపల అంగడి పెట్టుకున్న శేఖర్‌ను అడిగాడు.

"ఎండకు పాచి పుట్టింది పెద్దాయనా. నీళ్ళు మార్సొద్దు, మేత ఎయ్యొద్దు. మందపాటి దుప్పటి కప్పి చీకటి చేసి పెట్టు. గాలి మోటరు మాత్రం ఆపొద్దు."

నిజానికి జయరత్నం భయం చేపల గురించి కాదు. చేపలు చస్తే ఫ్లోరా కూడా బతకదని అతని మనసులో ఒక పురుగు దూరింది. చర్చి సంఘంలో పెద్ద అనిపించుకుంటూ ఇలాంటి శకునాలు నమ్మడం సిగ్గుచేటని తెలుసు. తెలిసినంత మాత్రాన పురుగు పోతుందా? అందుకే నీళ్ళ సంగతి ఎవరి చెవినా వెయ్యలేదు.

ఇంట్లో మందపాటి దుప్పటి తెల్లది ఒక్కటే ఉంది. అది తొట్టినీ, పక్కనున్న టీపాయ్‌నీ కలిపి కప్పేసింది. జారకుండా పైన బైబిలు పెట్టాడు. చీకటి గదిలో మోటరు గుర్రుమంటోంది.

అప్పుడే ఎదురింటి కమలాక్షి ఇడ్లీలు తెచ్చింది. జయరత్నం తలుపు జానెడు మాత్రం తీశాడు. నిద్రలేక కళ్ళు ఎర్రబారి ఉన్నాయి.

"వద్దమ్మా. నోట్లోకి పోదు."

కమలాక్షి అతని భుజం మీదుగా లోపలికి చూసింది. పొడుగాటి తెల్ల దుప్పటి, మీద బైబిలు, కింద మోటరు చప్పుడు. శవాన్ని ఉంచే ఐసు పెట్టె చప్పుడు ఆ వీధికి కొత్త కాదు. ఫ్లోరాను రాత్రికి రాత్రే తెచ్చేసినట్టున్నారనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని, మారుమాట లేకుండా వెనుదిరిగింది. ఆ వీధి మర్యాద అది. చావింటి మనిషిని ఎప్పుడు, ఎట్లా అని అడిగితే పుండు గెలికినట్టే. అడగకూడదు. పోయి చెయ్యి పట్టుకోవాలి, పాటెత్తుకోవాలి.

కాసేపటికి పాస్టరు శాలేము రాజు, వెనకే సంఘమంతా వచ్చారు. జయరత్నం గుండె నిండిపోయింది. ఆపరేషన్ కోసం ప్రార్థించమని ఆదివారం తనే అడిగాడు మరి.

"లోపలికొద్దు అయ్యగారూ, ఈడే కూర్సుందాం," అన్నాడు వరండా చూపిస్తూ. లోపల చూడలేకపోతున్నాడు పాపం అనుకుని అందరూ అక్కడే కూర్చున్నారు.

"ఆయన చిత్తం అన్నా," అన్నాడు శాలేము రాజు చెయ్యి పట్టుకుని.

"ఆయన చిత్తమే," అన్నాడు జయరత్నం.

పాటలు మొదలయ్యాయి. షామియానా అద్దెకిచ్చే వెంకటముని అడక్కుండానే వచ్చి గుంజలు నాటాడు. ప్రార్థనకు పందిరి కూడానా అని జయరత్నానికి కళ్ళు చెమర్చాయి. ఇంత ప్రేమ ఉన్న సంఘం మీద ఏడాదంతా చందాల లెక్కల దగ్గర విసుక్కున్నందుకు తనను తనే తిట్టుకున్నాడు.

అంతలో పుంగనూరు నుంచి ఫ్లోరా చెల్లెలు తబిత ఆటో దిగింది. చేతిలో పూలచక్రం. వస్తూనే అతని మీద పడి గొల్లుమంది.

"బావా! అక్క మనల్ని ఇడిసిపెట్టి పాయనే! షైలజకు ఫోను జేస్తే ఎత్తలేదు. ఎట్లెత్తుతాది బిడ్డ!"

ఈ జనం, ఈ పందిరి, తిననన్నా బతిమాలని కమలాక్షి, అన్నీ జయరత్నానికి ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఫ్లోరా ఆపరేషన్ బల్ల మీదే పోయింది. ఊరందరికీ తెలుసు. తనకే చెప్పలేక పాటలు పాడుతున్నారు. తను తొట్టికి దుప్పటి కప్పుతున్నప్పుడు, అదే నిమిషంలో, అక్కడ ఆమెకూ కప్పి ఉంటారు. వరండా మెట్టు మీద కూలబడ్డాడు.

"ఒక్కసారి ముఖం సూస్తా," అంటూ తబిత లోపలికి దూసుకుపోయి దుప్పటి లాగేసింది.

పాట ఆగిపోయింది. జనం జయరత్నాన్ని లేపి పట్టుకుని వెనకే హాల్లోకి వచ్చారు.

"ఇదేంది బావా?"

"చేపల తొట్టి."

"మా అక్క యాడ?"

"కుప్పంలో ఉండాది. పాయనని నువ్వే గదమ్మా అంటివి!"

"నేనా? నాకు కమలాక్షి చెప్పింది!"

అందరూ కమలాక్షి వైపు తిరిగారు. ఆమె దుప్పటి వైపు చూపించింది. నిశ్శబ్దంలో, ఫ్రిజ్ మీద ఫోను మోగుతున్నట్టు తెలిసింది. ఎంతసేపటినుంచి మోగుతోందో. ఎత్తడానికి జయరత్నం చెయ్యి రాలేదు. శాలేము రాజు తీసి అతని చెవికి ఆనించాడు.

"నాయనా, ఎన్నిసార్లు జేసేది?" షైలజ అరుస్తోంది. "ఆపరేషన్ అయిపాయ. చెడ్డ గడ్డ కాదంట! ఉండు, అమ్మ అడుగుతా ఉండాది."

ఫ్లోరా గొంతు నీరసంగా వచ్చింది. "ఏందయ్యా, చేపలెట్ల ఉండాయి?"

జయరత్నం తొట్టి వైపు చూశాడు. ఆ పచ్చదనంలో ఏదో ఒకటి తోక ఆడించింది.

"బతికే ఉండాయి," అన్నాడు. ఇంక ఆపుకోలేక భోరుమన్నాడు.

"మరి యాల ఏడుస్తాండావు? యెనకాల ఆ జనం సద్దేంది?"

"నీ కోసరమే వచ్చినారు," అన్నాడు వెక్కుతూ. ఎందుకొచ్చారో చెప్పలేదు.

తబిత పూలచక్రాన్ని నడుం వెనక దాచుకుంది. కాఫీలయ్యాక శాలేము రాజు గొంతు సవరించుకుని, సమాధుల తోటలో గుంట తవ్వడం కూడా అయిపోయిందని మెల్లగా బయటపెట్టాడు. పూడ్చాలా వద్దా అని సంఘం పెద్దలు అక్కడే చర్చించి, కూర్చున్నవాళ్ళ వయసులు ఒకసారి పరికించి, అలాగే ఉండనిమ్మని తీర్మానించారు.