సస్పెండైన సూది

"మన బస్సుల కొత్త బ్రేకు డ్రమ్ములంత గుండ్రటి వస్తువు లోకంలో లేదు. సూర్యచంద్రులైనా మన తర్వాతే" అని రవాణా మంత్రిగారు ప్రకటించారు. డ్రమ్ములు సరఫరా చేసింది వారి బావమరిది. ఇంటివాళ్ల పనితనం ఇంటివాళ్లకు కాక ఇంకెవరికి తెలుస్తుంది?

డిపోలో లేతు పని చేసే ముసలి టర్నర్‌కి మాత్రం తెలియలేదు. ఒక డ్రమ్మును లేతు మీద బిగించి, హెచ్చుతగ్గులు చూపే డయల్ సూది ఆనించి తిప్పాడు. ఒక్క చుట్టులో సూది మూడుసార్లు ఎగిరింది. ఇలాంటిది వేస్తే కొండ దిగుడులో బ్రేకు ఒకసారి పడుతుంది, ఒకసారి వదులుతుంది. కొండ దారి బస్సు నడిపేది ఆయన కూతురు. డ్రమ్ములు బాగున్నాయనే పాస్ కాగితం మీద ఆయన సంతకం పెట్టలేదు.

చీఫ్ ఇంజనీరుగారు పరుగున వచ్చారు. లోపలి అడ్డం కొలతను స్వహస్తాలతో పన్నెండు వైపుల నుంచి తీశారు. పన్నెండూ ఒకటే!

"ఇంకేం కావాలయ్యా నీకు?"

"లేతుకుండే మూడు దవడల పట్టులో, చక్‌లో, గట్టిగా బిగించి కోశారండీ. విప్పగానే మూడు చోట్ల ఉబ్బింది. ఉబ్బుకి ఎదురుగా నొక్కు. అడ్డం కొలిస్తే ఎప్పుడూ సరిపోతుంది. తిప్పి చూడాలి."

"తిప్పితే ఊగుతున్నది సూదే కదా?"

"అవునండీ."

"అయితే నిలకడ లేనిది సూదికి. డ్రమ్మునంటావేం?"

సూదిని ఆ పూటే సస్పెండ్ చేశారు. టర్నర్‌కి రెండు రోజులు గడువిచ్చారు: సంతకమో, ఇంటి దారో. సంతకం ఎక్కడికి పోతుందిలే అని డ్రమ్ములు బస్సులన్నిటికీ బిగించేశారు.

"పెట్టెయ్ నాన్నా. నేను మెల్లగా దిగుతాలే" అంది కూతురు.

"మెల్లగా దిగడానికీ బ్రేకే కావాలమ్మా."

మర్నాడు మంత్రిగారు ఇంకో ప్రకటన చేశారు. కొత్త డ్రమ్ముల బస్సులో తానే కొండ దిగి జనానికి చూపిస్తారట! చీఫ్ ఇంజనీరుగారి ముఖంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. వచ్చి టర్నర్ పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"పెద్దాయనా, ఆ ఒక్క బస్సుకీ మంచివి చూసి వెయ్యాలి."

"ఇవీ మంచివేగా అండీ?"

"ఎగతాళి వద్దు. పిల్లలు గలవాణ్ణి."

"రాసివ్వండి."

రాసిచ్చారు. "మంత్రిగారు ఎక్కు బస్సుకు మాత్రము గుండ్రటి డ్రమ్ములు వేయవలెను." కింద సంతకం, ముద్ర.

టర్నర్ ఆ ఒక్క బస్సుకు డ్రమ్ములు మార్చాడు. కాగితాన్ని డ్రైవర్ల గది తలుపుకు అంటించాడు. చేతులు కడుక్కున్నాడు.

తెల్లవారేసరికి డిపోలో ఒక్క బస్సూ కదల్లేదు. తలుపు మీది కాగితం చదివిన డ్రైవర్లంతా మంత్రిగారి బస్సు చుట్టూ మూగారు. ఆ బస్సు స్టీరింగు ముందు టర్నర్ కూతురు కూర్చుంది. దిగనంటే దిగనంది.

పత్రికలు మొదటి పేజీలో వేశాయి: "మంత్రిగారిపై వెల్లువెత్తిన అభిమానం! నడిపితే ఆయన బస్సే నడుపుతామని నూట నలభై మంది డ్రైవర్ల పట్టు!"