గళ్ళ కేసెట్టు సంరక్షణము

వినుడు, సభాసదులారా! వినుటకు ఇష్టము లేనివారు ఇప్పుడే చెవులు మూసుకొనుడు; ఎట్లయినను కొంతసేపటికి మీరందరును మూసుకొనవలసినవారే. ప్రచండ మార్తాండుడు నడినెత్తిని దాటి, పడమటి కిటికీ పరదాల సందున దూరి, సోఫాలమీది దుమ్మునంతయు బట్టబయలు చేయుచున్న ఒకానొక ఆదివారపు మధ్యాహ్నమున, భుక్తాయాస పీడిత కుటుంబ సంకులమైన ఒక అపార్టుమెంటు మూడవ అంతస్తున, టీవీ బల్ల కింది సొరుగు నిమిత్తమై జరిగిన మహాసంగ్రామమును చెప్పబోవుచున్నాను. రాజ్యముకొరకు పోరినవారి కథలు చాలా విన్నారు. సొరుగుకొరకు పోరినవాని కథ కూడ విని, ఇంటికి పోయి ఎవరి సొరుగు వారు చూచుకొనుడు.

ఇంతకును ఆ వీరుడెవడు? బీమా కంపెనీలో జనుల క్లెయిములను తిరస్కరించుటయే వృత్తిగా గల అధికారి. కారు మునిగినదని మొరపెట్టుకొన్నవానికి "వాన అని రాశారు, వరద అని రాయలేదు" అని జవాబిచ్చి, ఇంటికి వచ్చి, గుర్రుపెట్టి నిద్రపోగల ధీరోదాత్తుడు. ఇట్టి నిబంధనా దుర్గపాలకుడు ఒకానొక కాలమున, నెత్తిమీద జుట్టున్న కాలమున, స్కా పంక్ సంగీతమునకు పరమభక్తుడట! స్కా పంక్ అనగా ఏమని అడుగుదురేమో. గిటారును తాళమునకు ఎదురుగా టకటక కొట్టి, ట్రంపెట్టును ట్రాంబోనును బుగ్గలు పగులునట్లు ఊది, పోలీసులు తరుముచున్నంత వేగముగా డ్రమ్ములు బాది, వీటన్నిటిమీద "మాకెవడు చెప్పేది" అని ఒకడు గొంతు చించుకొనెడి విద్య. దానిని కూర్చుండి వినరాదు, గెంతుచు వినవలెను. మనవాడు అందరికంటె ఎత్తు గెంతెడివాడు గనుక మిత్రులు వానికి స్ప్రింగు అని పేరు పెట్టిరి. ఆ స్ప్రింగు ఈనాడు కింద పడిన పెన్ను తీయవలెనన్న ఒక చేతితో బల్ల పట్టుకొని, రెండవ చేతితో నడుము పట్టుకొని, చివరకు వేరొక పెన్నుతో పని కానిచ్చును.

సొరుగులో, తీగలు తెగిన ఛార్జర్లకును, ఏ టీవీవో ఎవరికిని తెలియని రిమోట్లకును నడుమ ఒక కేసెట్టు కలదు. నల్లని స్కెచ్ పెన్నుతో గళ్ళు గీసిన అట్టముక్క దాని కవచము. అప్పటికింకను మిత్రుడు మాత్రమే అయి, తరువాత బావమరిది అయినవాడు తన సీడీనుండి ఆ ఆల్బమును టేపునకు ఎక్కించి ఇచ్చినాడు. దానిని మోగించు యంత్రము ఏనాడో చచ్చినది. అయినను ఏటేటా ఇల్లు సర్దునపుడెల్ల మన వీరుడు ఆ కేసెట్టును అరచేత పట్టుకొని, నిట్టూర్చి, మరల అక్కడనే పెట్టెడివాడు. వినెడివాడు కాదు సుమా, నిట్టూర్చెడివాడు!

ఆనాడు దంతవైద్యము చదువుచున్న కుమార్తె, పాఠముకొరకు పోతపోసిన ప్లాస్టరు దవడలు ఒడినిండ పెట్టుకొని, ఆ సొరుగుమీదికి దండెత్తెను.

"నాన్నా, ఇది తీసేస్తున్నా. ఆల్బం మొత్తం ఫోన్లో ఉంది. దీనికి ప్లేయరే లేదు. నా దవడలకి చోటు లేదు."

సోఫాలో శయనించియున్న వీరుడు దిగ్గున లేచెను. లేచెనంటిని గాని, మొదట పక్కకు దొర్లి, మోచేయి ఆనించి, అబ్బా అని, పిదప లేచెను.

"ముట్టుకున్నావంటే ఊరుకోను! అది ఉత్త కేసెట్ అనుకుంటున్నావా? మా వయసంతా అందులో ఉంది. ఒకడికి తలవంచని రోజులవి. లోకమంతా కూర్చోమంటే మేం గెంతాం! అందులో ప్రతి పాటా నాకు ప్రాణం!"

"ప్రాణమా? ఆఖరిసారి ఎప్పుడు విన్నావు?"

వీరుడు ఫ్యాను వంక చూచెను. తిరుగుచున్న రెక్కలు లెక్కపెట్టెను.

"సరే, ఇప్పుడు విను," అని కుమార్తె ఫోనును స్పీకరునకు తగిలించెను. "మొదటి పాట నుంచి చివరి దాకా, ఒక్కటి దాటెయ్యకుండా, గెంతుతూ. మధ్యలో కూర్చున్నావో, కేసెట్ చెత్తబుట్టలోకే."

"నేనా కూర్చునేది! పెట్టు!"

మూలన చొక్కాలు ఇస్త్రీ చేయుచున్న భార్య తలయెత్తక పలికెను: "మోకాళ్ళు మీవి. నాకేం పోయింది."

అంతట భూనభోంతరాళములు దద్దరిల్లునట్లు మొదటి పాట మోగెను. స్ప్రింగు ఎగిరెను! ఎంత ఎత్తనియెదరా? ఒక వార్తాపత్రికను మడత పెట్టి పాదముల కింద దూర్చిన పట్టునంత. అయినను ఎగిరెను. రెండవ పాట వచ్చెను. అదియు మొదటి పాటయే అని నాకు తోచినది. వానికి కూడ తోచినదని వాని కనుబొమలు చెప్పెను. ట్రాంబోనువాడు ప్రతిసారియు అందరికంటె ఒక అడుగు వెనుక వచ్చుచుండెను. ఈ మహానుభావుడినా నేను తలచుకొని తలచుకొని మురిసినది అని వీరునకు లోపల గుచ్చుకొనెను. మూడవ పాట ఉద్యోగము మానేయుమని బోధించునది. రేపటి మీటింగునకు ఇస్త్రీ అగుచున్న తన చొక్కా వంక చూచుచు మనవాడు దానికి గెంతిన తీరు చూడవలసినదే!

"ఇది పాటా? ట్రంపెట్ల షాపులో దొంగలు పడ్డట్టుంది," అనెను కుమార్తె.

"నీకు... తెలీదు... ఊరుకో," అని ఆయాసము మధ్య వీరుడు పలికి, ఇంకెన్ని పాటలున్నవో ఫోనులో దొంగచూపు చూచెను. చూచి, చూడకుండ ఉండవలసినదని చింతించెను. నాలుగవ పాటకు గెంతుట మాని మడమలు మాత్రము ఎత్తి దించుచుండెను. కుమార్తె చూచియు ఊరుకొనెను.

అప్పుడు ఐదవ పాట మొదలయ్యెను. వీరుని ముఖము వెలిగెను. ఏలయన, ఆ పాట నడుమ, ట్రంపెట్లు మెట్లెక్కినట్లు పైపైకి పోయి, ఒక్కసారిగా సర్వనాదములు ఆగిపోవును. ఆ క్షణమున గాలిలోకి ఎగిరి, ఒంటికాలిమీద దిగి, కదలక నిలువవలెను. సంగీతము మరల విరుచుకొని పడినపుడు రెండవ కాలు దబ్బున నేలకు కొట్టవలెను. కళాశాల వార్షికోత్సవమున ఈ కేసెట్టునకే గెంతుచు మనవాని మిత్రబృందమంతయు వేదికమీద అట్లు నిలిచి చప్పట్లు కొట్టించుకొన్నది. ఆ నిశ్శబ్దముపై మనవాడు చేసిన వ్యాఖ్యానములకు మేర లేదు. ఆఫీసులో కొత్తగా చేరిన ప్రతివానిని క్యాంటీనులో కూర్చుండబెట్టి, టీ చల్లారునంతసేపు చెప్పును.

"ఇప్పుడు చూడు!" అని కుమార్తెతో గర్జించెను. "ఇక్కడ పాట ఆగిపోతుంది. అందరూ వాయించమని అరుస్తుంటే, పో, వాయించం అంటారు! అదీ తిరుగుబాటంటే! ఆ ఒక్క నిశ్శబ్దం కోసం మిగతా పాటలన్నీ భరించొచ్చు!"

భరించవచ్చునట! నిజము నోట జారెను పాపము. ట్రంపెట్లు మెట్లెక్కెను. స్ప్రింగు సర్వశక్తులు కూడదీసికొని ఎగిరి, ఒంటికాలిమీద దిగి, నిలిచెను. పాట ఆగలేదు. ఆగవలసినచోట అణుమాత్రమైనను ఆగక, వెనుక ట్రాంబోనును ఈడ్చుకొనుచు ముందుకు పోయెను. రెండవ కాలు ఎప్పుడు దింపవలెనో తెలియక వీరుడు తూలి, చేతులు ఆడించి, వెనుకకు విరుచుకొని సోఫాలో కూలబడెను.

"కూర్చున్నావు," అనెను కుమార్తె, పాట ఆపి.

"కూర్చోలేదు, పడ్డాను! కూర్చోవడం వేరు, పడటం వేరు!"

"మీ ఆఫీసులో ఎవరైనా ఇలా రాస్తే ఒప్పుకుంటావా?"

తాను జీవితమంతయు తిప్పిన కత్తి తన మెడమీదికే వచ్చెను. ఒప్పుకొనడని వానికి తెలియును. అందుచేత వేరొక దిక్కునకు తిరిగి విజృంభించెను: "అసలు ఫోన్లో పాటే తప్పు! కంపెనీవాళ్ళు ఆ నిశ్శబ్దాన్ని కోసేశారు! ఖాళీగా ఉందని కోసేశారు, దరిద్రులు! తిరుగుబాటంటే పడదు వీళ్ళకి!"

భార్య ఇస్త్రీపెట్టెను నిలువుగా పెట్టెను.

"ఆ ఆగడం పాటలో లేదండీ."

"అంటే?"

"మా అన్నయ్య సీడీ లోంచి ఎక్కిస్తుంటే అన్నానికి పిలిచాను. పలకలేదు. వెళ్ళి సీడీ ఆపేశాను. టేపు తిరుగుతూనే ఉంది. వాడు నా జడ పట్టి లాగి, మళ్ళీ నొక్కాడు. అంతే."

వీరుని నోరు తెరుచుకొనియే ఉండెను. ఇన్నేండ్లు తాను తిరుగుబాటని చెప్పుకొని తిరిగినది ఒక పిల్ల అన్నను అన్నానికి పిలిచిన పిలుపు! వానికి నిజముగానే ఏడుపు వచ్చెను. నాకు నవ్వు వచ్చెను; దాచుకొనను.

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అని హీనస్వరమున అడిగెను.

"స్టేజీ మీద అంతమంది మగపిల్లలు కొంగల్లా ఒంటికాలి మీద నిలబడితే, ఎలా చెప్పమంటారు? మా అన్నయ్యతో సహా అందరూ తూలారు. మీరొక్కరే కదల్లేదు. అది చూసే కదా..." అని ఆగి, కాలర్‌లో లేని ముడత ఒకటి వెదకుకొనెను.

కుమార్తె తల్లిని, తండ్రిని మార్చి మార్చి చూచెను. తల్లి వచ్చి ఆమె చేతిలోని ఫోను లాగుకొనెను.

"లేవండి. మళ్ళీ పెడుతున్నా."

ట్రంపెట్లు మరల మెట్లెక్కెను. స్ప్రింగు ఎగిరెను. భార్య బొటనవ్రేలు ఫోనుమీద పడెను. నిశ్శబ్దము! పక్కయింటి కుళాయి కారుట కూడ వినిపించు నిశ్శబ్దము. ఒంటికాలిమీద వీరుడు నిలిచెను. మోకాలు గడగడ వణకెను, పిక్క పట్టెను, చెమట కంటిలో పడెను. ఆమె మరల నొక్కలేదు. చూచుచునే ఉండెను. వాడు గోడ పట్టుకొనలేదు, బల్ల పట్టుకొనలేదు, నడుము కూడ పట్టుకొనలేదు. ఎట్టకేలకు ఆమె మరల నొక్కెను. సంగీతము విరుచుకొని పడెను. రెండవ పాదము దబ్బున నేల తాకెను! బల్లమీది ప్లాస్టరు దవడలన్నియు ఎగిరిపడి టకటకలాడెను. కింది అంతస్తువారు కప్పును కర్రతో పొడిచిరి.

కుమార్తె కేసెట్టును చేతిలోనికి తీసికొని అటు ఇటు తిప్పి చూచెను.

"అయితే అమ్మ ఆపింది ఫోన్లో లేదన్నమాట. దీంట్లోనే ఉంది."

ఇట్లని, దవడలను ఒక పక్కకు జరిపి, కేసెట్టును సొరుగులో పెట్టి మూసెను. "మిగతా పాటలు వినక్కర్లేదు నాన్నా. నీ మీద జాలితో కాదు, నా చెవుల మీద."

విజయగర్వాంధుడు వినునా? ఆరవ పాట పెట్టించుకొని, సోఫాలో కాలు చాపుకొని, ట్రాంబోనువాని ఆలస్యమునకు తలయూపుచు కూర్చుండెను. వంటింటినుండి "టీ తాగుదురు రండి" అని పిలుపు వచ్చెను. పలుకలేదు. రెండవసారి వచ్చెను. పలుకలేదు. అంతట ఆ ఇల్లాలు వచ్చి ఫోనుమీద వ్రేలు వేసి పాట ఆపెను. ఆపినదే తడవుగా, మన స్ప్రింగు ఆలోచన లేక, అబ్బా అనక, లేచి ఒంటికాలిమీద నిలువబడెను.

కావున లోకులారా, చాటుచున్నాను! దవడలకును ఛార్జర్లకును నడుమ అరచేయంత స్థలము శాశ్వతముగా జయింపబడినది. టీ చల్లారకముందే వీరుడు రెండవ కాలు దింపెను. ఇక మీరు చెవులు తెరువవచ్చును.